ఎండిన రొమ్ములు ఎవరి కల్పన?

కొండ ప్రాంతం మీద తెలుగులో వచ్చే కథల్లో ఒక తల్లి మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. ఆమె ఊరు ఒడిశాలో కొరాపుట్ దగ్గరో రాయగడ దగ్గరో ఉంటుంది. ఏ ఊరన్నది రచయితకు పెద్దగా పట్టదు. చిరుగుల చీర, ఒళ్ళో ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన పసిగుడ్డు, ఎండిపోయిన రొమ్ము. బిడ్డ చీకుతాడు, చుక్క రాదు, తల్లి ఆకాశంకేసి చూస్తుంది. కథ అక్కడితో సరి. పాఠకుడు కళ్ళు తుడుచుకుంటాడు, పోటీలో బహుమతి వస్తుంది, మరుసటి ఏడాది అదే తల్లి ఇంకో కథలోకి నడిచి వస్తుంది.

ఇలా నిజంగా జరుగుతుందా అని ఎవరైనా అడిగితే సాహిత్య సభల్లో వినపడే జవాబు ఒకటే. "కోర్టు సీను రాయాలంటే లాయర్ని అడగాలి, పోలీసు కథ రాయాలంటే స్టేషను మెట్లెక్కాలి, నిజమే. అమ్మ బిడ్డకు పాలివ్వడం మీద కూడా పరిశోధన ఏమిటండీ? సృష్టిలో అంతకంటే సహజమైంది ఏముంది? రాసేవాడి గుండెలో తడి ఉంటే చాలు." వినడానికి బావుంది. పెద్దలూ తలాడిస్తారు, కుర్రకారూ తలాడిస్తారు. ఈ మాట తప్పంటున్నాను. ఆ తప్పుకు మూల్యం చెల్లిస్తున్నది రచయిత కాదు, ఆ కొండమీది తల్లే అంటున్నాను.

ముందు ఒంటి సంగతి చూద్దాం. కాన్పయి మాయ పడగానే గర్భాన్ని నిలిపి ఉంచిన హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది, దాంతో పాలు తయారయ్యే పని మొదలవుతుంది. మొదటి రెండు మూడు రోజులు చెంచాల లెక్కన పచ్చటి, చిక్కటి ముర్రుపాలు. ఆ తర్వాత పాలు దిగుతాయి. బిడ్డ చచ్చి పుట్టినా దిగుతాయి. ఆ తల్లి ఒంటికి ఆ వార్త తెలియదు. ఇక అక్కణ్ణుంచి బిడ్డ ఎంత తాగితే అంత ఊరతాయి. రొమ్ము ఖాళీ అవుతున్నంతకాలం నిండుతుంది, నిండుగా గంటల తరబడి వదిలేస్తే ఊరడం తగ్గుతుంది. రోజుకు ముప్పావు లీటరు దాకా ఇచ్చే తల్లికి మామూలు తిండికి పైన ఇంకో 500 కేలరీలు కావాలి. కంచంలో అవి లేకపోతే ఒళ్ళు తన కొవ్వులోంచి, కండలోంచి తీసి ఇస్తుంది. తీవ్రమైన కరువులో, తల్లి పూర్తిగా పడిపోయిన స్థితిలో తప్ప పాలు ఆగిపోవు.

ఇది విదేశీ పాఠ్యపుస్తకంలోంచి తెచ్చిన మాట కాదు. మన పేద తల్లుల పాల మీద సి.గోపాలన్ చేసిన అధ్యయనం 1958లోనే అచ్చయింది. ఆయన పనిచేసిన న్యూట్రిషన్ రిసెర్చ్ లేబొరేటరీస్ అదే ఏడాది కూనూరు నుంచి హైదరాబాదుకు వచ్చింది. ఇవాళ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. చాలీచాలని తిండి మీద కూడా మన తల్లులు నెలల తరబడి బిడ్డను పోషించేన్ని పాలిస్తున్నారని ఆయన గమనించాడు. మన దేశంలోనే జరిగిన పనిని మన కథకులు ఇన్ని దశాబ్దాలుగా తెరిచి చూడలేదంటే, గుండెలో తడికి లోటు ఉండి కాదు. చూడనక్కర్లేదన్న ధీమా ఉండి.

అంటే పాలు తగ్గడమన్నదే లేదా? ఉంది. అసలు కథ అక్కడే ఉంది, ఎండిన రొమ్ము సీను రాసేవాడు దాన్ని దాటుకుని పోతున్నాడు.

రాయగడ కొండల్లో వానాకాలం కలుపు రోజులు ఊహించండి. పోడు చెక్క ఊరికి ఒక కొండ అవతల ఉంటుంది. తల్లి తెల్లారగానే బయల్దేరాలి. బిడ్డ మూడు నెలల వాడైతే గుడ్డలో కట్టుకుని తీసుకుపోతుంది, గట్టున చెట్టుకింద కూచుని తాగిస్తుంది. పది నెలలవాడైతే మోసుకుపోవడం కష్టం, వాణ్ణి ఏడేళ్ళ అక్క చంకనేసి పోతుంది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి రొమ్ములు గట్టిపడి సలుపుతాయి. పక్క చెక్కలో ఎవరి పిల్లో ఏడిస్తే చాలు, పాలు చేపుకొచ్చి చీర తడిసిపోతుంది. ఆమె అటు తిరిగి నేలమీదికి పిండేసి మళ్ళీ కలుపుకు వంగుతుంది. ఇంట్లో బిడ్డకు అక్క పలచటి చోడి అంబలి పోసింది, నీళ్ళు పోసింది. చీకటి పడి తల్లి వచ్చేసరికి వాడు కడుపు నిండినట్టు భ్రమపడి మగతలో ఉన్నాడు, గట్టిగా చీకడు. ఇలా కొన్ని వారాలు గడిస్తే పాలు తగ్గుతాయి. "నాకు పాలు లేవు" అని ఆమే చెబుతుంది, అత్త చెబుతుంది, ఊరు చెబుతుంది. పోయింది ఏమిటి? పాలకు ముందు పూట పోయింది. బిడ్డకు చెందాల్సిన పగటి పూట కలుపుకు పోయింది, కూలికి పోయింది, కట్టెలకు పోయింది.

ఈ సంగతి సాహిత్యం కంటే సర్కారుకే ముందు అర్థమయింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా. ఒడిశా ప్రభుత్వం 2011లో 'మమత' పథకం పెట్టినప్పుడు గర్భిణికీ బాలింతకూ వాయిదాల్లో 5,000 రూపాయలు ఇస్తామన్నది, ఆరు నెలలు తల్లిపాలే పట్టాలన్నది షరతుల్లో ఒకటి. ఆ డబ్బుకు చెప్పిన కారణం పోయిన కూలికి కొంత పరిహారం అని. ఆ మొత్తం చాలదని ఎంతైనా వాదించవచ్చు. కానీ పాలకూ కూలికీ మధ్య ఉన్న ముడిని ఒక ప్రభుత్వ ఉత్తర్వు గుర్తించింది, మన కథ గుర్తించలేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో ఇంకో మాట రాశారు: పనిచోటుకు ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురు గానీ అంతకుమించి గానీ వస్తే, వాళ్ళను చూసుకోవడానికి ఒక మనిషిని కూలి ఇచ్చి పెట్టాలి. ఎన్ని పనిచోట్ల ఆ మనిషి కనపడింది? 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి 26 వారాల సెలవు చేశారు, అది నెల జీతం ఉన్నామెకు. కొండ మీద కలుపు తీసే ఆమెకు సెలవు మంజూరు చేసేదెవరు? ఈ ప్రశ్నల్లో ఒక్కదాన్ని పట్టుకున్నా కథ కన్నీటి దగ్గర ఆగదు, కాలర్ పట్టుకునేదాకా పోతుంది.

నిజంగానే చుక్క పాలు పడని తల్లి కథే కావాలా? ఆమె కూడా ఉంది. కాన్పులో విపరీతంగా రక్తం పోతే మెదడు అడుగునున్న చిన్న గ్రంథి దెబ్బతినవచ్చు, అప్పుడు పాలు దిగవు. షీహాన్ అనే బ్రిటిష్ వైద్యుడు 1937లో దీన్ని వివరించాడు. ఇప్పుడు దీన్ని కొండమీద పెట్టి చూడండి. ముందునుంచే రక్తహీనత, రోడ్డు లేని ఊరు, డోలీ కట్టి దించేలోపు పోయిన రక్తం, ఆస్పత్రికి చేరాక గ్రూపు దొరక్క పోయిన గంటలు. ఆమె బతికింది, పాలు పడలేదు. ఈ రొమ్ము ఎండడం వెనక వేయని రోడ్డు ఉంది, దొరకని రక్తం ఉంది. అడిగి తెలుసుకున్న రచయితకు ఇది దొరుకుతుంది. ఆకాశంకేసి చూసే తల్లిని రాసేవాడికి ఆకాశమే దొరుకుతుంది.

లోపం తల్లి దగ్గర లేకుండా బిడ్డ దగ్గర ఉండవచ్చు. కొరాపుట్, రాయగడలు మలేరియాకు పేరుపడ్డ జిల్లాలు. కడుపుతో ఉన్నప్పుడు మలేరియా వస్తే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం పెరుగుతుంది. అలాంటి పసివాడికి రొమ్ము పట్టే బలం ఉండదు, రెండు గుక్కలకే నిద్రపోతాడు. అప్పుడు పాలు పిండి చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో పట్టాలి, బిడ్డను గుండెకు ఆనించి వెచ్చగా ఉంచాలి, రాత్రి రెండింటికి కూడా లేపాలి. ఓర్పుకు పరీక్ష పెట్టే పని అది. నిండిన రొమ్ము, తాగలేని బిడ్డ, చేతిలో ఉగ్గుగిన్నె, బయట వాన. ఇంతకంటే ఉద్వేగం కావాలా ఒక కథకు? ఇది మన కథల్లో ఎందుకు లేదంటే తల్లి నిండి ఉంటే జాలి పుట్టదని మనకు భయం.

ఎండిన రొమ్ముకు ఒక అక్క ఉంది: 'మూఢనమ్మకాల తల్లి'. ముర్రుపాలు పిండి పారబోస్తుంది, దయగల డాక్టరమ్మ వచ్చి కళ్ళు తెరిపిస్తుంది. ముర్రుపాలు పారబోసే అలవాటు దేశంలో చాలాచోట్ల ఉంది. పుట్టగానే తేనె నాకించడం, పంచదార నీళ్ళు పట్టడం, ఆముదం పోయడం మన మైదానపు పెద్దింటి పురుళ్ళలో చూసినవాళ్ళు బోలెడుమంది. లెక్కలు కావాలంటే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీయండి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు ఒడిశాలో మూడింట రెండు వంతులకు పైనే. తెలంగాణలో 40 శాతం కూడా లేరు. తెలంగాణలో కాన్పుల్లో 60 శాతం పైగా సిజేరియన్లు, ఒడిశాలో 22 శాతం లోపు. కోత పడ్డ తల్లి మత్తులోంచి తేరుకుని బిడ్డను అందుకునేసరికి ఆ గంట గడిచిపోయే అవకాశం ఎక్కువ. రాష్ట్రం మొత్తం లెక్క కొండ జిల్లాల లెక్క కాదని ఎవరైనా అనవచ్చు, ఒప్పుకుంటాను. కానీ ముర్రుపాలు తెలియని అమాయకురాలి కోసం రాయగడ దాకా రైలెక్కే కథకుడు తన వీధి చివర నర్సింగ్ హోములోకి ఒకసారి తొంగిచూస్తే టికెట్టు డబ్బులు మిగిలేవి.

ఈ సీన్లన్నీ కలిసి ఎవరికి మేలు చేస్తున్నాయో కూడా చూడాలి. పాలపొడి డబ్బా అమ్మాలంటే తల్లి నోట ఒక వాక్యం పలికించాలి: "నా పాలు చాలట్లేదు." ఆ వ్యాపారం నిలిచింది ఆ అనుమానం మీదే. మురికి నీళ్ళలో, డబ్బు చాలక పలచగా కలిపిన పొడి పేద దేశాల్లో పిల్లల్ని ఎలా చంపుతోందో 1974లో 'ది బేబీ కిల్లర్' అనే చిన్న పుస్తకం బయటపెట్టింది. 1977లో నెస్లే మీద బహిష్కరణ ఉద్యమం లేచింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ నియమావళి చేసింది. 1992లో మన దేశం ఏకంగా చట్టమే చేసి డబ్బాపాల ప్రచారాన్ని నిషేధించింది. కంపెనీ చెప్పకూడదని చట్టం కట్టడి చేసిన మాటను మన విప్లవ కథ ఉచితంగా చెప్పిపెడుతోంది. పేద తల్లి పాలు నమ్మదగినవి కావు అని నూరు కథలు చదివి పెరిగిన అమ్మాయి తన మూడో రోజు రొమ్మును చూసుకుని ఏమనుకుంటుంది?

ఇక ఆకలి. కొరాపుట్, రాయగడల్లో పసిపిల్లల ఆకలి లేదని ఎవరనగలరు? అది ఎక్కువగా మొదలయ్యేది ఆరో నెల దాటాక. అప్పటికి తల్లిపాలు ఎన్ని ఉన్నా ఒక్కటే చాలవు. మెత్తగా పిసికిన అన్నం, పప్పు, నూనె చుక్క, గుడ్డు కావాలి. రోజుకు మూడు నాలుగు సార్లు, కొసరి కొసరి తినిపించే తీరిక ఉన్న మనిషి కావాలి. అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా పిండి పొట్లం ఇంటికి వచ్చాక పిల్ల ఒక్కదానికే దక్కుతుందా, ఇంటిల్లిపాదీ పంచుకుంటారా? కథకుడు చూడాల్సింది అక్కడ, పొయ్యి దగ్గర.

2001 ఆగస్టులో రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో మామిడి టెంకల జీడి తిని దాదాపు ఇరవైమంది చనిపోయారు. తినడానికి ఇంకేం లేక తిన్నారని ఊళ్ళు చెప్పాయి. అది వాళ్ళ తిండి అలవాటు, పాడైన జీడి విషమయింది అని పాలకులు చెప్పారు. ఆ గొడవ మానవ హక్కుల కమిషన్ దాకా పోయింది. ఆ 'అలవాటు' అన్న మాటను ఒకసారి నోట్లో వేసుకుని నమిలి చూడండి. ఎండిన రొమ్ము చేసే పనీ అదే. బియ్యం ఎందుకు అందలేదు, వానాకాలంలో ఇంట్లో ధాన్యం ఎందుకు అడుగంటింది అన్న ప్రశ్నను పక్కకు నెట్టి, నేరాన్ని ఒకచోట అలవాటు మీద, ఇంకోచోట ఒంటి మీద పెడుతుంది. అధికారి రాసిన నివేదికా, సానుభూతిపరుడు రాసిన కథా ఒకే గడప దగ్గర కలుసుకుంటున్నాయి.

"ప్రతీక అండీ, ప్రతీక! ఎండిన రొమ్మంటే ఎండిన దేశం" అనే వాదం ఒకటుంది. కవిత్వంలో ఏమైనా రాసుకోండి. వాస్తవిక కథ అని పేరు పెట్టి, ఊరి పేరు, కొండ పేరు, తెగ పేరు వేసి రాసినప్పుడు 'ఇది ఇలా జరిగింది' అని పాఠకుడికి మాట ఇస్తున్నారు. మాట ఇచ్చాక తప్పడానికి ప్రతీక పనికిరాదు.

"ఇన్ని వివరాలు పెడితే కథ ఆరోగ్యశాఖ కరపత్రం అవుతుంది" అనేవాళ్ళకు మూడు పేర్లు చెబుతాను. స్టెయిన్‌బెక్ 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' 1939లో వచ్చింది. అంతకు ముందే, 1936లో, ఆయన కాలిఫోర్నియా వలస కూలీల శిబిరాలు తిరిగి పత్రికకు వ్యాసాలు రాశాడు, శిబిరం నడిపిన టామ్ కాలిన్స్ నుంచి వివరాలు తీసుకున్నాడు. నవల చివర, చచ్చిన బిడ్డను కన్న రోజ్ ఆఫ్ షేరన్ ఆకలితో పడివున్న పరాయి మగవాడికి పాలిస్తుంది. ఆకలి శిబిరాలు చూసి వచ్చిన రచయిత తల్లి పాలను ఎండబెట్టలేదు, అందుకే ఆ ముగింపు ఇప్పటికీ వణికిస్తుంది. మహాశ్వేతాదేవి 'స్తనదాయిని'లో యశోద పాలిచ్చి ఇల్లు నడుపుతుంది. అక్కడ పాలు మమతకు గుర్తుగా మిగిలిపోకుండా కూలిపని అయ్యాయి, ఆ కూలి చివరికి ఆమె రొమ్మునే తినేసింది. ఇక ఈ కొండలతోనే ముడిపడ్డ పేరు గోపీనాథ్ మహంతి. ఆయన 'అమృతర సంతాన్'కు 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, పురిపండా అప్పలస్వామి దాన్ని తెలుగులోకి తెచ్చారు. ఆ నవలలో పుయు ఒళ్ళో బిడ్డ ఉన్న బాలింత. ఆమెకో మనసుంది, భర్త ముఖం తిప్పుకున్నాడన్న కోపం ఉంది. ఉద్యోగరీత్యా ఈ కొండల్లో ఏళ్ళ తరబడి తిరిగిన ఆ మనిషి ఇక్కడి భాషలు నేర్చుకున్నాడు, వాటి మీద పుస్తకాలు రాశాడు. వివరం కథను చంపుతుందన్న వాదాన్ని ఆయన ముందు పెట్టి చూడండి.

"మగవాళ్ళం, ఎలా అడుగుతాం?" అన్నది చివరి సాకు. చూడడానికి మాత్రం మొహమాటం లేదు. రాయగడ దగ్గర చాటికోణ బుధవారం సంతలో, కొరాపుట్ జిల్లా ఒనుకుడెల్లి గురువారం సంతలో కెమెరాలు మెడలో వేసుకుని పాలిచ్చే తల్లుల్ని తీసుకొచ్చిన ఫొటోలు ఎన్ని లేవు! చూసిందంతా తెలిసినట్టు కాదు. అడగడానికి మర్యాద గల దారులున్నాయి. మొదట ఇంట్లో అమ్మను, అక్కను, భార్యను అడగండి. చాలామంది రచయితలకు అక్కడే కళ్ళు తిరుగుతాయి. ఆశా కార్యకర్తతో ఒక పూట నడవండి. అంగన్‌వాడీలో బరువులు తూచే రోజు ఒక మూల కూచోండి, తల్లీబిడ్డల కార్డు మీద బరువు గీత ఏ నెలలో వంగిందో చూపించమనండి, ఆ నెలలో ఆ ఇంట్లో ఏ పని నడుస్తోందో అడగండి. కాన్పుకు ముందే గర్భిణులను దూరపు ఊళ్ళనుంచి తెచ్చి ఉంచే 'మా గృహ'లున్నాయి, అక్కడి వంటావిడకు తెలిసినంత ఏ విమర్శకుడికీ తెలియదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని మీ కథ కోసం కదిలించకండి. రాసింది అచ్చుకు పంపేముందు ఆ ప్రాంతపు ఆడమనిషి ఎవరికైనా చదివి వినిపించండి. ఆమె నవ్విన చోట కొట్టేయండి.

సంపాదకులకూ పోటీల న్యాయనిర్ణేతలకూ కూడా ఒక మాట. ఇలాంటి కథ బల్ల మీదికి వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయండి. బిడ్డకు ఎన్నో నెల? తల్లి పగలంతా ఎక్కడుంది? ఆ పూట బిడ్డ ఎవరి దగ్గర ఏం తాగాడు? పాలు తగ్గాయని మొదట ఎవరన్నారు? జవాబు తెలిసిన రచయితకు అవి రెండు వాక్యాల పని. తెలియనివాడికి బహుమతి ఇచ్చినన్నాళ్ళూ మనం కొండమీది తల్లికి సానుభూతి పంపుతూ, ఆమె పూటను దోచుకున్నవాళ్ళకు సాక్ష్యం చెప్పి పెడుతుంటాం.